అప్‌డేట్: చద్దన్నం మానేయమన్న డైట్ చార్ట్ సంగతి

మూడు నెలల కిందట మిమ్మల్ని అడిగాను గుర్తుందా, షుగర్‌కని బరంపురం వెళ్లి రాయించుకున్న డైట్ చార్ట్‌లో పొద్దున్న చద్దన్నం కొట్టేసి ఓట్స్ రాశారు, పర్లాకిమిడిలో ఉంటూ ఇది ఎన్నాళ్లు తినగలనని. మళ్లీ వెళ్లి మాట్లాడమన్నారు చాలామంది. వెళ్లాను.

డైటీషియన్ ఏమీ అనుకోలేదు, పైగా మీరు ఇంట్లో ఏం తింటారో మొదటిసారి సరిగ్గా చెప్పలేదు కదా అన్నారు. నిజమే, అప్పుడు మొహమాటపడి సగం దాచాను. ఓట్స్ పోయాయి. చద్దన్నం వారానికి రెండు రోజులు, ఒక్క కప్పు, పక్కన ఉడకబెట్టిన గుడ్డో సెనగలో ఉండాలి. చోడి (రాగి) అంబలి ఎంత తాగినా పర్లేదనుకునేవాణ్ని, అక్కడే పప్పులో కాలేశాను. చోడిపిండీ పిండిపదార్థమే, జావలా తాగితే షుగర్ తొందరగా ఎక్కుతుందట, దానికీ గ్లాసు లెక్కే.

ఒకటి మాత్రం నాకు ముందు ఎవరూ చెప్పలేదు. అన్నం తగ్గించిన రెండో వారం, పదకొండింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు ఒకటే వణుకు, మీటర్‌లో చూస్తే షుగర్ 62కి పడిపోయింది. మా ఆవిడ మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇస్తే పావుగంటకి తేరుకున్నాను. నేను వేసుకునే షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్, తిండి తగ్గినా అది షుగర్‌ని దించుతూనే ఉంటుంది. డాక్టర్ డోసు సగం చేశారు. చార్ట్ మొదలెట్టేవాళ్లు మందుల చీటీ కూడా ముందే చూపించండి.

హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8.4 నుంచి 7.3కి వచ్చింది. ఒడియావాళ్ల రజ పండక్కి పక్కింటివాళ్లు పొడపిఠా (బియ్యం, బెల్లంతో కాల్చి చేసే తీపి పిండివంట) పంపారు, చార్ట్‌లో లేదు, ఒక ముక్క తిన్నాను, డైటీషియన్‌కి చెప్పేశాను కూడా.