గుంతల మిషన్ బ్లేడ్లు 40 గుంతలకే మొద్దుబారుతున్నాయి. తప్పు బ్లేడుదా, నేలదా?

చెల్కరైతు (నాంపల్లి, నల్గొండ జిల్లా):
బత్తాయి పెట్టడానికి మూడెకరాల్లో గుంతలు తీస్తున్నాం. చేతితో పట్టే పెట్రోల్ మిషన్, దానికి 12 ఇంచుల ఆగర్ (తిరుగుతూ గుంత తీసే మర). ఇరవై అడుగుల దూరం పెట్టాం, ఎకరానికి 108 గుంతలు పడతాయి. కొత్త బ్లేడ్ల జత వేసినా 40 గుంతలు దాటట్లేదు. ఆ తర్వాత మిషన్ మొత్తుకుంటది, పొగ వస్తది, ఆగర్ ఉన్న చోటనే తిరుగుతది, మట్టి పైకి లేవదు. ఎర్ర చెల్క, మూరెడు దిగితే మొరం. షాపులో అడిగితే నీ నేలే గట్టిదంటడు. నిజమేనా?

బాయికాడ_బాపు:
డూప్లికేట్ బ్లేడ్లు. ఫోన్‌లో చూసి తెప్పించుకుంటే అట్లనే ఉంటది.

పాతలేత్ (దేవరకొండ):
నేల గట్టిదా మెత్తదా అని కాదు తమ్మీ, అందులో పలుగురాయి (క్వార్ట్జ్) ఉందా లేదా అని చూడు. మన దిక్కు రాయి చాలామటుకు గ్రానైటే. అది చివికి మొరం అయినప్పుడు మిగతాదంతా మన్నయిపోతది, పలుగు మాత్రం అట్లనే గింజలు గింజలుగా మిగులుతది. గట్టిదనం కొలిచే మోస్ లెక్కలో పలుగు 7, ఇనుము అరగదీసే మంచి ఆకురాయి (ఫైల్) 6.5 దగ్గర. అంటే ఆకురాయినే గీసే గింజల్లో నీ బ్లేడును తిప్పుతున్నావు. నల్లరేగడిలో అదే బ్లేడు చాలా ఎక్కువ రోజులు వస్తది, అక్కడ బాధ మట్టి అంటుకోవడమే.

పాలమూరు_ట్రాక్టర్:
వాన పడి రెండు రోజులయ్యాక తియ్యండి అన్నా. ఎండిన చెల్క సిమెంటే. కాదంటే రాత్రి గుంతకు రెండు బకెట్ల నీళ్లు పోసి పొద్దున తీయండి.

కొత్తసభ్యుడు77:
2టీ ఆయిల్ ఎంత కలుపుతున్నారు?

పాతలేత్:
ఆయిల్ ఇంజన్‌కు. మనం మాట్లాడేది బ్లేడ్ల గురించి.

బాయికాడ_బాపు:
పలుగు, మోస్ అంటూ పెద్ద పెద్ద మాటలెందుకు. ఇదే నేలలో మా నాయిన గడ్డపారతో తవ్విండు, ఆ గడ్డపార ఇంకా ఇంట్లనే ఉంది. నేను పోయినేడు కలుపు మిషన్ కొన్న, నెలకే బ్లేడు వంగింది, వాపస్ తీసుకోమంటే తిప్పించి తిప్పించి చంపిండ్రు. అందుకే అంటున్న, అంతా డూప్లికేట్.

పాతలేత్:
కాకా, ఆ గడ్డపారను ఏడాదికి ఎన్నిసార్లు కమ్మరి కొలిమిలో పెట్టించిండో అది కూడా యాది చేసుకో. చెల్కరైతు, నీ బ్లేడ్లకు సాన ఎవరు పడుతున్నరు, దేనితో?

చెల్కరైతు:
మిషన్ నడిపే పోరడే, చేతి గ్రైండర్‌తో, చేను గట్టు మీదనే. నిప్పురవ్వలు బాగానే లేస్తయి. పట్టినంక అంచు నీలంగా మెరుస్తది, చూడ్డానికి పదునుగనే ఉంటది.

పాతలేత్:
దొరికింది. ఆ నీలమే రోగం. ఉక్కు 300 డిగ్రీల దగ్గరికి పోయినప్పుడు ఆ రంగు వస్తది, అంటే కాల్చి ముంచి దానికి పెట్టిన గట్టిదనం ఆ అంచున దిగిపోయింది. ఎంబడే నీళ్లలో ముంచినా తిరిగి రాదు, రావాలంటే ఎర్రగా కాల్చి ముంచాలి. ఒక పని చెయ్యి: ఆకురాయి తీసుకుని బ్లేడు మధ్యలో ఒకసారి, బయటి మూలన ఒకసారి రుద్దు. గట్టిగా ఉన్నచోట ఆకురాయి జారిపోతది, మెత్తబడ్డచోట కొరుకుతది.

బాయికాడ_బాపు:
లేత్ వాళ్లకు ఎప్పుడూ సాన పట్టడంలనే తప్పు కనపడతది. పైసలు మీ దగ్గరికి రావాలె కదా.

పాతలేత్:
లేత్ అమ్మి ఆరేళ్లయింది. నాకు రావాల్సిన పైసల్లేవు, ఊకె నోరు జారకు.

చెల్కరైతు:
రుద్దిన. మధ్యలో జారింది. మూలన చెక్కను రుద్దినట్టు తెల్లటి పొడి రాలింది. కొత్త జతలో రుద్దితే మూలన కూడా జారుతుంది. బ్లేడు మంచిదే అన్నట్టు.

పాలమూరు_ట్రాక్టర్:
ఒక మాట అడుగుత, ఏమనుకోకండి. ఆ పోరడికి కూలి రోజుకా, గుంతకా?

చెల్కరైతు:
గుంతకు 15.

పాలమూరు_ట్రాక్టర్:
అదీ సంగతి. గుంతకు ఇంత అంటే ఎవడైనా హ్యాండిల్ మీద బరువేసి నొక్కుతడు. రాయి తగిలితే ఆపి, గడ్డపారతో తీసి మళ్లీ దింపాలె. వాడు ఆపడు, ఆపితే వాడికి 15 పోతయి. గ్రైండర్ కూడా అందుకే అదిమి పడతడు, చల్లారేదాక ఆగాలంటే అయిదు నిమిషాలు. నేను రోజు కూలికి మార్చిన, గుంతలు తగ్గినయి, బ్లేడ్లు నిలిచినయి.

చెల్కరైతు:
మీరు సులువుగా అంటున్నరు. మిషన్ నా ఒక్కడిది కాదు, నేనూ మా బామ్మర్దీ సగం సగం. పోరణ్ని పెట్టింది ఆయన, గుంత లెక్క మాట్లాడింది ఆయన. నా చేన్లోనే కాకుండా ఊరి మీద కూడా కిరాయికి తిప్పుతడు, ఆ డబ్బు ఆయన చూసుకుంటడు, బ్లేడ్లు మాత్రం నా ఖాతాల. నాలుగు జతలు నేనే కొన్న. అడిగితే "నీ నేలల పలుగుంది బావా" అంటడు.

బాయికాడ_బాపు:
అట్లయితే బ్లేడు డూప్లికేట్ కాదు, బామ్మర్ది డూప్లికేట్.

పాతలేత్:
ఈ ముక్క మొదట్లనే చెప్తే ఇంత రాసేది లేకుండె. సరే, ఉక్కు కన్నా చాలా గట్టిదైన కార్బైడ్ ముక్క అతికించిన పళ్లు దొరుకుతయి, పలుగుకు అవే ఆగుతయి. కానీ రాయి గట్టిగా తగిలితే పటుక్కున విరుగుతయి, మామూలు సాన రాయి వాటి మీద పనిచెయ్యదు. అదే పోరడి చేతికిస్తే అవి కూడా అంతే.

చెల్కరైతు:
ఇంకో 190 గుంతలున్నయి. రేపటి నుంచి మిషన్ నేనే పట్టుకుంట. బామ్మర్దికి ఇంకా చెప్పలేదు.

కొత్తసభ్యుడు77:
అన్నా, మీ పని అయినంక మిషన్ కిరాయికి ఇస్తరా? మాది మర్రిగూడ. బ్లేడ్లు నేనే తెచ్చుకుంట.