అప్‌డేట్: బాబు విరిగిన ముందు పన్ను గురించి

పోయిన వారం అడిగాను కదా, మా తొమ్మిదేళ్ల బాబు అపార్ట్‌మెంట్ మెట్ల మీద పడి ముందు పన్ను మూల విరిగింది, నొప్పి లేదంటున్నాడు, పరీక్షలయ్యాక చూపించవచ్చా అని. ఆగొద్దని చెప్పిన అందరికీ థాంక్స్.

మర్నాడే మలక్‌పేటలో ఒక డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాం. అప్పటికే చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంటోందన్నాడు. ఎనామెల్ దాటి కింద పసుపు పొర, అంటే డెంటిన్ దాకా విరిగిందట. ఎక్స్‌రే తీశారు. లోపల నరం బయటపడలేదు, వేరు కూడా బాగానే ఉంది. విరిగిన చోట గులాబీ రంగు చుక్క గానీ రక్తం గానీ కనిపిస్తే మాత్రం అదే రోజు పరుగెత్తాలని చెప్పారు.

మీ మాట విని ముక్కను పాలలో వేసి ఉంచాను. అదే ముక్కను తిరిగి అతికించారు! అరగంట పట్టింది. ఇప్పుడు దగ్గరగా చూస్తే తప్ప గీత కనబడదు.

ఇది మళ్లీ రాని పన్ను కాబట్టి నాకు టెన్షన్ పూర్తిగా పోలేదు. దెబ్బ తిన్న నరం కొన్ని నెలల తర్వాత చచ్చిపోవచ్చట. పన్ను రంగు మారినా, చిగురు మీద కురుపు లేచినా వెంటనే రమ్మన్నారు. ఆరు వారాలకు మళ్లీ చెకప్. అప్పటిదాకా జామకాయ, చెరకు కొరకడం బంద్.