మంచినీటి ప్రకృతి విద్యా కేంద్రానికి పాపతో వెళ్తున్నా, ఏం చూడాలి?

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల పాపకి పురుగులంటే భయం. చెరువు దగ్గర రోజంతా ఉండగలదా?

జవాబు: పాత చెప్పులు, మార్చుకోడానికి ఒక జత బట్టలు మర్చిపోవద్దు.

జవాబు: నేను అలాంటి కేంద్రంలోనే పిల్లలకి చెరువు చూపిస్తుంటానండి. ముందు పాపని తెల్ల ట్రే దగ్గర కూర్చోబెట్టండి. వలతో తీసింది కొంచెం చెరువు నీళ్లున్న ట్రేలో వదిలి కాసేపు కదపకండి. చెత్త అనుకున్నదే నడవడం మొదలెడుతుంది! తూనీగ పిల్ల దొరికితే మాత్రం తప్పకుండా చూడండి. ఇంకా ఎగరలేదు, నీళ్లలోనే బతుకుతుంది. కింది పెదవిని చెయ్యిలా చటుక్కున చాపి వేటని పట్టేస్తుంది. మైక్రోస్కోపు ఉంటే డాఫ్నియా అనే బుల్లి నీటి జీవిని చూపించమని అడగండి, ఒళ్లంతా అద్దమే, గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. బురదలో ఎర్రటి పురుగులు కనబడితే ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది, ఆక్సిజన్ తక్కువున్నా బతకడానికి పనికొస్తుంది. ట్రేని ఎండలో ఉంచకండి పాపం, చూశాక తీసినచోటే వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండి. వల పాప చేతికే ఇవ్వొచ్చా?

జవాబు: తప్పకుండా ఇవ్వండి. నిలబడి వంగితే జారుతుంది, ఒడ్డున మోకాళ్ల మీద కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. తినేముందు చేతులు సబ్బుతో కడిగించండి.