తిమి, తిమింగిలం, ఆ పైన రాఘవుడు?

అరసున్న:
సముద్రజీవాలన్నీ 'తి'తోనే మొదలయ్యే చాటుశ్లోకం ఒకటి నోట్లో నానుతోంది కానీ పూర్తిగా రావడం లేదు. "అస్తి మత్స్యస్తిమిర్నామ శతయోజన..." అని ఎత్తుగడ, "తిమింగిలగిలోఽప్యస్తి తద్గిలోఽప్యస్తి రాఘవ" అని ముగింపు. శతయోజన తర్వాత విస్తరః అనా, విస్తృతః అనా? తిమి అనే నూరు యోజనాల చేప ఉంది, తిమింగిలాన్ని మింగేదీ ఉంది, దాన్నీ మింగేది ఉంది అని భావం. అసలు రాఘవుడితో ఈ మాటంటున్నది ఎవరు?

పాతపెట్టె:
విస్తరః, విస్తృతః రెండూ వినిపిస్తాయి, రెండూ పాదంలో ఇముడుతాయి. దానికేం గానీ, 'తి'కి మూడు పేర్లు దొరికితే అంత సంబరమా? అమరకోశంలో వారివర్గం (నీటికి సంబంధించిన పేర్ల భాగం) తీయండి: "స్యాత్కులీరః కర్కటకః కూర్మే కమఠకచ్ఛపౌ". ఒక్క పంక్తిలో ఐదు 'క'లు. ఆ వెంటనే కుంభీరం, ఆరు.

గురులఘువు:
పేర్లు ఐదు, జంతువులు రెండే కదండీ. పీత, తాబేలు. కుంభీరం మొసలి, సముద్రం దాకా ఎందుకు, ఏటి మడుగు చాలు దానికి. ముందు ఈ 'గి' సంగతి తేలాలి. పత్రికలన్నీ 'తిమింగలం' అనే రాస్తున్నాయి.

సూత్రధారి:
'గి'యే. ధాతువు గౄ, మింగడం. "ౠత ఇద్ధాతోః" (పాణిని సూత్రం 7.1.100) వల్ల ౠకారం 'ఇర్' అవుతుంది, "అచి విభాషా" (8.2.21) వల్ల రేఫకు (ర్‌కు) లకారం వికల్పంగా వస్తుంది. అలా గిర, గిల. ఇక మధ్యలో సున్న "గిలేఽగిలస్య" అనే వార్తికం (పాణిని సూత్రాలకు చేర్చిన అనుబంధ వాక్యం) వల్ల వచ్చింది: గిల పరమైతే పూర్వపదానికి ముమాగమం (చివర 'మ్' చేరడం), ఆ పూర్వపదం గిల కానంతవరకే. 'తిమింగిలగిల'లో రెండో గిల ముందు సున్న లేకపోవడం ఇందుకే. కొందరు 'తిమింగిలంగిలో' అని చదువుతారు. అనుష్టుప్పు (ఈ శ్లోకం ఛందస్సు) దాన్ని పట్టుకోదు, వ్యాకరణమే పట్టుకుంటుంది.

పాతపెట్టె:
ధాతుపాఠంలో (ధాతువుల పట్టికలో) "గల అదనే" కూడా ఉంది. తిమిని తినేది తిమింగలం అంటే తప్పేమిటి? తెలుగు చెవికి అందులో గళమూ వినిపిస్తుంది.

సూత్రధారి:
తప్పు సున్నలో ఉంది. వార్తికం చెప్పింది గిల శబ్దానికే. మీ గల ధాతువైతే 'తిమిగలం' అని ఊరుకోవాలి. వాడుకలో తిమింగలం స్థిరపడింది, కాదనను. దానికి పాణిని సంతకం మాత్రం అడగొద్దు.

గురులఘువు:
కవుల సాక్ష్యం దొరుకుతుందా అని చూస్తే ఒక చిక్కుంది. గి, గ రెండూ లఘువులే కాబట్టి గణాలు ఏమీ చెప్పవు. ప్రాసకు హల్లుతోనే పని. తేల్చగలిగింది యతి ఒక్కటే, ఎందుకంటే గికి ఇ, ఎ, ఋ జట్టు, గకు అ, ఆ, ఐ, ఔ జట్టు. అయితే ఉత్పలమాలలో 10, చంపకమాలలో 11, శార్దూలంలో 13, మత్తేభంలో 14, ఈ యతిస్థానాలు నాలుగూ గురువులే. గి అక్కడ కూర్చోదు. ఉన్న దారి ఒకటే: చంపకమాల గానీ మత్తేభం గానీ పాదం చివర లఘువు, గురువు కాబట్టి "తిమిం" అక్కడ ఆగి, "గిల" తర్వాతి పాదం ఎత్తుకోవాలి. అప్పుడు నాలుగు పాదాలకూ లకారప్రాస ఉండాలి, యతిస్థానంలో గీ, గే, కే లాంటిది పడాలి. అలాంటి పద్యం ఎవరికైనా తగిలిందా? సీసం, తేటగీతి వెతకడం తేలిక, అక్కడ యతి లఘువు మీద పడవచ్చు.

కందం:
నీటిజంతువుకీ ప్రాసకీ ముడిపెట్టడం పోతనగారికి వదిలేయండి. "కరిఁ దిగుచు మకరి సరసికిఁ, గరి దరికిని మకరిఁ దిగుచుఁ గరకరి బెరయన్". మకరం అనకుండా 'మకరి' అన్నాడంటే చాలు, కరి దాని కడుపులో ఉంది. ఏనుగును మొసలి మింగక ముందే మాట మింగేసింది!

సూత్రధారి:
చమత్కారం బాగుంది, కానీ అది కొలను. సముద్రం కావాలంటే వాల్మీకి యుద్ధకాండ చూడండి: "చండానిలమహాగ్రాహైః కీర్ణం తిమితిమింగిలైః". అక్కడా గియే.

పాతపెట్టె:
అక్కడా లఘువే, గురులఘువుగారి లెక్కప్రకారం సాక్ష్యం చెల్లదు.

అరసున్న:
నా రాఘవుడు ఏమయ్యాడండీ?

కందం:
ఆయన సంబోధనేనని ఎందుకనుకుంటున్నారు? చివర విసర్గ పెట్టి చూడండి, "తద్గిలోఽప్యస్తి రాఘవః". కోశాల్లో రాఘవ శబ్దానికి పెద్ద సముద్రపు చేప అనే అర్థం ఉంది. అప్పుడు తిమింగిలగిలాన్ని మింగేది రాఘవమనే చేప. వినేవాడూ లేడు, చెప్పేవాడూ లేడు.

సూత్రధారి:
పాదాంతం కాబట్టి విసర్గ ఉన్నా లేకున్నా ఛందస్సుకు ఒకటే. అయినా పై మెట్లన్నీ గిల మీద గిల కట్టుకుంటూ వచ్చి, చివరి మెట్టులో ఉన్నట్టుండి కొత్త పేరా? నాకు సంబోధనే నయం.

కందం:
కొత్త పేరు కనకనే శ్లోకం అక్కడ ఆగింది. సంబోధనైతే 'తద్గిల' తర్వాత మరో గిల ఎందుకు రాలేదు?

గురులఘువు:
లకారప్రాస మత్తేభం సంగతి ఎవరూ ఎత్తరేం?