అప్‌డేట్: సీఎంఎల్ (ఒక రకం బ్లడ్ క్యాన్సర్)లో ఇమాటినిబ్ మందు పనిచేయడం లేదని అడిగాను కదా

ఆరు నెలల ఇమాటినిబ్ తర్వాత కూడా బీసీఆర్-ఏబీఎల్ (ఈ క్యాన్సర్‌ను నడిపే జన్యువు, దాని శాతమే జబ్బు ఎంతుందో చెబుతుంది) 10 శాతం పైనే ఉంటే ఏం చేయాలన్నది నా ప్రశ్న. మీరు చెప్పినట్టే డాక్టర్లు ముందు రోగి మాత్రలు మానలేదని, ఫెనిటోయిన్, రిఫాంపిసిన్ వాడట్లేదని తేల్చుకున్నారు (అవి రక్తంలో ఇమాటినిబ్ మోతాదును పడగొట్టేస్తాయి). తర్వాత ఆ జన్యువులో మార్పులు వెతికే మ్యుటేషన్ టెస్టులో టీ315ఐ అనే మార్పు బయటపడింది.

అంటే ఇమాటినిబ్ లాంటివే అయిన డాసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ మందులూ దండగే. ప్రోటీన్‌లో 315వ చోట థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లం పోయి ఐసోల్యూసిన్ వస్తే, ఆ మందులు కూర్చునే చోటుకు అడ్డం పడుతుంది. ఈ టెస్టు లేకుండా మందు మార్చి ఉంటే నెలలు వృథా అయ్యేవి.

ఈ మ్యుటేషన్‌పై పనిచేసే పొనాటినిబ్ అయితే 45 ఎంజీతో మొదలుపెట్టి, బీసీఆర్-ఏబీఎల్ 1 శాతానికి దిగాక 15కి తగ్గిస్తారు. కానీ బీపీ, ధమనుల్లో గడ్డల భయం. రోగికి గుండె జబ్బు ఉంది కాబట్టి అస్కిమినిబ్ అనే మరో మందు రాశారు. ఈ మ్యుటేషన్‌కు మామూలుగా ఇచ్చే 40 ఎంజీ చాలదు, 200 ఎంజీ రోజుకు రెండుసార్లు. వేసుకునే ముందు 2 గంటలు, తర్వాత గంట ఏమీ తినకూడదు. మూడు నెలలకు మళ్లీ పీసీఆర్ (బీసీఆర్-ఏబీఎల్ శాతం కొలిచే రక్త పరీక్ష).