సర్పంచ్‌కు పని తెలిస్తే చాలా, గుణం కూడా చూడాలా?

జడ్చర్ల జంక్షన్: మా ఊళ్లో పాత సర్పంచ్ మళ్లీ నిలబడ్డాడు. మూడు వాడలకు సీసీ రోడ్లు వేయించాడు, బిల్లు బిల్లుకూ వాటా తీసుకున్నాడని ఊరంతా అంటుంది. ఎదుటి అభ్యర్థి రిటైరైన పంతులు. చేతివాటం లేని మనిషే, కానీ మండలాఫీసులో కాగితం కదిలించగలడా? "తింటే తిన్నాడు, పని చేశాడు కదా" అంటారు మా నాన్న. నాకు మనసొప్పడం లేదు.

నల్లగొండ బత్తాయి: మీ నాన్నగారి మాటే సరి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మా నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగారు, ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినిపించాలని. వాళ్లడిగింది నీళ్లు. గుణగణాలు ఎంచడానికి ఇదేమైనా పెళ్లి సంబంధమా?

పాలమూరు మేస్త్రి: ఆ వాటా ఎక్కడి నుంచి వస్తుందో నేను చెబుతాను. ఇలాంటి రోడ్లు ఈ చేతులతోనే పోశాను. ఎస్టిమేటులో 6 అంగుళాలు ఉంటుంది. అంచుల్లో లోతుగా తవ్వి 6 పోయిస్తారు, నడుమ మట్టి ఎత్తు చేసి 4తో సరిపెడతారు. కొలతకు వచ్చిన వారు అంచునే కొలుస్తారు. ఆపైన గడ్డి పరిచి నీళ్లు పెట్టే దిక్కుండదు. రెండో వానాకాలానికి కంకర తేలుతుంది. జంక్షన్ గారూ, నమ్మకపోతే మీ రోడ్డును తాళంచెవితో గీకి చూడండి.

నల్లగొండ బత్తాయి: దానికి చట్టం ఉంది కదండీ. 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక చెక్కుపై ఉప సర్పంచ్ సంతకం కూడా ఉండాలి.

పాలమూరు మేస్త్రి: ఇద్దరూ ఒకే బండి మీద వస్తారండీ.

కృష్ణా తీరం: జంక్షన్ గారి ఊరి పక్క సంగతే. 1956 సెప్టెంబరులో జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి రైలు పడింది, వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో అరియలూరు ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, అప్పుడు ఆమోదించారు.

నల్లగొండ బత్తాయి: మీరే చెప్పారు, రెండు నెలలకే ఇంకో రైలు పడిందని. మంచితనం వంతెనను నిలబెట్టిందా?

కృష్ణా తీరం: నిలబెట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ బాధ్యత నాదే అనే మనిషి దగ్గరికైతే కింది ఉద్యోగి "అయ్యా, వంతెన పగుళ్లిచ్చింది" అని చెప్పడానికి ధైర్యంగా వెళ్తాడు. వాటా తినేవాడికి ఆ మాట చెబితే బదిలీయే. పగులు సంగతి పైదాకా వెళ్లకపోతే ఎంత పనిమంతుడైనా ఏం బాగుచేస్తాడు?

జడ్చర్ల జంక్షన్: మేస్త్రి గారూ, నిన్న సాయంత్రం గీకాను. ఇసుక పొడిపొడిగా రాలింది. నాన్న పక్కనే ఉన్నారు. "ట్రాక్టర్లు తిరిగి అరిగింది లే" అన్నారు. రేపు పంతులుగారి దగ్గరికి వెళ్తున్నాను, ఎస్టిమేటు చదవడం వచ్చో రాదో అడగాలి.