ఏఎంలో 200 వాట్లకే లీనియర్ ప్లేట్లు ఎర్రబడ్డాయి, నా లెక్క ఎక్కడ తప్పింది?

బేస్‌మెంట్ రేడియో (కొలంబస్, ఒహాయో):

అందరికీ నమస్తే. హామ్ రేడియోలో (ఇంటి నుంచి సరదాకి నడిపే రేడియో) అమెరికాలో అన్నిటికంటే పైదైన ఎక్స్‌ట్రా లైసెన్స్ వచ్చి మూడేళ్లయింది. పిల్లలు పడుకున్నాక కిందికి దిగి 3.885 మెగాహెర్ట్జ్‌లో ఏఎం (క్యారియర్ అనే స్థిరమైన తరంగం మీద గొంతుని ఎక్కించి పంపే పద్ధతి) కబుర్లు వినడం అలవాటైపోయింది. ఎస్‌ఎస్‌బీలో (క్యారియర్ లేకుండా గొంతుని మాత్రమే పంపే పద్ధతి) మనిషి ముక్కు పట్టుకుని మాట్లాడినట్టుంటుంది. ఇక్కడ మాత్రం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నట్టే. నాకూ ఆ గుంపులో కలవాలనిపించింది.

రిగ్ (రేడియో సెట్టు) ఐకామ్ ఐసీ-7300. ఏఎంలో 25 వాట్లే ఇస్తుంది. డైపోల్ (తీగ ఆంటెన్నా) 35 అడుగుల ఎత్తులో ఉంది. రాత్రి నాయిజ్‌లో 25 వాట్లు ఎవరికీ సరిగ్గా అందట్లేదని నాలుగు 811ఏ ట్యూబులున్న పాత లీనియర్ (రిగ్ పవర్‌ని పెంచే యాంప్లిఫయర్) ఒకటి కొన్నా. ఎస్‌ఎస్‌బీలో 800 వాట్ల పీఈపీ (మాట శిఖరం దగ్గరి పవర్) ఇస్తోంది, దానితో ఏ గొడవా లేదు. ఏఎంలో పీఈపీ క్యారియర్‌కి నాలుగింతలు కదా అని 800ని నాలుగుతో భాగించా. సీడబ్ల్యూలో (మోర్స్ కీ నొక్కి పంపే పద్ధతి) 800కి ట్యూన్ చేసి, రిగ్‌ని 20 వాట్లకు దించి, 200 వాట్ల క్యారియర్‌తో మొదలుపెట్టా.

రెండో నిమిషంలో ఖాళీ పెనం పొయ్యి మీద మర్చిపోయిన వాసన. పైన జాలీలోంచి చూస్తే ట్యూబుల్లోని నాలుగు ప్లేట్లూ చింతనిప్పుల్లా ఉన్నాయి. టెన్షన్‌లో ఆ 200 దగ్గరే మళ్లీ ట్యూన్ చేశా. ఎరుపు పోయింది! కానీ నేను మాట్లాడినప్పుడల్లా వాట్ మీటర్ ముల్లు కిందికి పడుతోంది. అవతలాయన "పీక నొక్కినట్టుంది నీ గొంతు" అన్నాడు.

నా లెక్కలో తప్పేంటి? ఈ మేలో జీనియాలో హామ్‌వెన్షన్‌కి (హామ్‌ల మేళా) వెళ్తున్నా. అక్కడి పాత సామాన్ల సంతలో 3-500జెడ్ ట్యూబున్న లీనియర్ ఒకటి దొరికితే తీసుకోవచ్చా? లేక ఇందులోనే 572బీ ట్యూబులు పెట్టుకుంటే సరిపోతుందా?

టెక్సాస్ తాతయ్య (డాలస్):

తమ్ముడూ, నీ భాగహారం తప్పు కాదు. నువ్వు లెక్కేసింది శిఖరాన్ని, కాలింది మాత్రం నేల దగ్గర.

లీనియర్‌ని 800కి ట్యూన్ చేశావంటే ఆ శిఖరం దగ్గర దాని సామర్థ్యం 60, 65 శాతం ఉంటుంది. క్యారియర్ దగ్గర ఆర్‌ఎఫ్ (రేడియో తరంగపు) వోల్టేజి అందులో సగమే. ట్యూబుకిచ్చే డీసీ వోల్టేజి మాత్రం తగ్గదు కదా, కాబట్టి సామర్థ్యం కూడా సగానికి, అంటే దాదాపు 33 శాతానికి పడిపోతుంది. 200 వాట్లు బయటికి రావాలంటే 600 లోపలికి పోవాలి. మిగిలిన 400 ప్లేట్ల మీద వేడి. ఒక్కో 811ఏ తట్టుకునేది 65 వాట్లు, అదీ విడతలవారీగా వాడితేనే. నాలుగూ కలిపి 260. ఎర్రబడక ఏం చేస్తాయి?

ఎస్‌ఎస్‌బీలో మాటకీ మాటకీ మధ్య ట్యూబుకి విశ్రాంతి దొరుకుతుంది. ఏఎంలో మైకు ముందు నోరు మూసుకుని కూర్చున్నా క్యారియర్ పోతూనే ఉంటుంది. ఇంకో తమాషా చెప్పనా? నువ్వు గట్టిగా మాట్లాడుతున్నప్పటి కంటే ఆలోచించుకోవడానికి ఆగినప్పుడే ప్లేట్లు ఎక్కువ కాలతాయి. పూర్తి మాడ్యులేషన్‌లో (గొంతు క్యారియర్ మీద పూర్తిగా ఎక్కినప్పుడు) సగటు పవర్ క్యారియర్ కంటే సగం ఎక్కువ బయటికి వెళ్తుంది, లోపలికి పోయేది మాత్రం మారదు. ప్లేట్ కరెంట్ ముల్లు చూడు, మాట్లాడుతున్నా కదలకూడదు.

ఇక నీ రెండో వైద్యం. 200 దగ్గర ట్యూన్ చేశావంటే లీనియర్‌కి 200 వాట్లే శిఖరమని చెప్పినట్టు. అందుకే చల్లబడింది. కానీ పైకి వెళ్లాల్సిన మాటకి అక్కడ కప్పు తగులుతోంది, కిందికి మాత్రం మామూలుగానే దిగుతోంది. సగటు తగ్గుతుంది, ముల్లు పడుతుంది. ఆ తెగిన శిఖరాలే చుట్టుపక్కల పది కిలోహెర్ట్జ్‌ల దాకా చిటపటలుగా వినిపిస్తాయి. మెల్లిగా చెప్పాడాయన, మర్యాదస్తుడు.

ఉన్న పెట్టెతోనే నడపాలంటే 100 వాట్ల క్యారియర్‌కి రాజీపడు. రిగ్‌ని సీడబ్ల్యూలో 40 వాట్ల దగ్గర పెట్టి, దాదాపు 400 వచ్చేలా ప్లేట్, లోడ్ నాబ్‌లు సర్దు. ఒక్కోసారి పది సెకన్లు మించి కీ నొక్కకు. తర్వాత ఏఎంలోకి మారి 10 వాట్లకు దించు. ఇక ఆ నాబ్‌ల జోలికి పోకు. 800కే ట్యూన్ చేసి ఉంచి 100 నడుపుదామనుకోకు, అలా చేస్తే సామర్థ్యం ఇంకా పడిపోయి మళ్లీ నిప్పులే.

572బీ ఒక్కోటి 160 వాట్లు తట్టుకుంటుంది, నిజమే. ట్యూబుల బాధ తీరుతుంది గానీ ట్రాన్స్‌ఫార్మర్ అదే కదా. ఎస్‌ఎస్‌బీ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏఎంలో పది నిమిషాల ఉపన్యాసం ఇస్తే అది కరుగుతుంది.

3-500జెడ్ మంచి ట్యూబు. ఒక్కటే 500 వాట్లు తట్టుకుంటుంది, అంటే 200 క్యారియర్‌కి పడే 400 వేడి హద్దులోనే ఉంటుంది. దాని ప్లేట్ కాస్త ఎర్రబడితే కంగారుపడకు, ఆ ట్యూబు తీరే అంత. 811ఏ ఎర్రబడితే మాత్రం తప్పు మనదే. సంతలో కొనేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ బరువు గురించి అడుగు. ఒక్క చేత్తో లేపగలిగితే వదిలెయ్. ఫ్యాన్ తిప్పించి చూడు. ఇంట్లో డ్రయ్యర్ కోసం వేసినట్టు 240 వోల్టుల లైను వేయించుకో.

గోదావరి గట్టు (రాజమండ్రి):

నాయనా, ఇక్కడ మాకు 40 మీటర్ల బ్యాండులో 7.2 మెగాహెర్ట్జ్ దాకానే ఉంది. మీ వాళ్లు 7.290లో నడిపే ఏఎం ముచ్చట మాకు లేదు. నేను ఏఎం నడిపింది మద్రాసు మూర్ మార్కెట్లో కొన్న 807 వాల్వులతో. రెండు ఫైనల్లో (పవర్ బయటికి పంపే చివరి దశ), రెండు మాడ్యులేటర్‌లో (గొంతుని ఎక్కించే దశ). లీనియర్ అనే మాటే మా దగ్గర లేదు. ఫైనల్ క్లాస్-సీలో (ప్రతి తరంగంలో కొంతసేపే కరెంటు లాగే పద్ధతి) 70 శాతం పైన పనిచేసేది, క్యారియర్ ఊరికే ఉన్నా దానికి బాధ లేదు. బాధంతా మాడ్యులేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టడంలోనే. ఫైనల్‌కిచ్చే డీసీలో సగం పవర్ ఆడియోగా తయారు చేసుకోవాలి మరి. మా నాన్నగారు ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని రుబ్బురోలు అనేవారు. ఎవరైనా వస్తే "మావాడి రుబ్బురోలు మాట్లాడుతుంది, వింటారా?" అని లోపలికి పిలిచేవారు.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. 25 నుంచి 100కి వెళ్తే ఎంత లాభం? 6 డెసిబెల్స్. అవతలివాడి సిగ్నల్ మీటర్ మీద ఒక్క ఎస్ యూనిట్ (ఒక్క గీత). 3.8 మెగాహెర్ట్జ్‌కి 35 అడుగులంటే పందిరి ఎత్తు. పక్కన చెట్టుంటే ముందు డైపోల్ పైకెత్తడానికి తాడు విసురు.

అన్నట్టు మూత తీసే ముందు ప్లగ్ పూర్తిగా పీకు, హెచ్‌వీ (హై వోల్టేజి) మీటర్ సున్నాకి వచ్చేదాకా ఆగు, ఆ తర్వాత కూడా పొడవాటి కర్రకి కట్టిన ఎర్త్ తీగతో కెపాసిటర్‌ని తాకించు. 3-500జెడ్ మీద మూడు వేల వోల్టుల చుట్టూ ఉంటుంది. నా 807ల మీద 600 ఉన్నప్పుడే మోచెయ్యి దాకా కొట్టింది. ఆ రోజు నుంచి రెండో చెయ్యి జేబులోనే.

బేస్‌మెంట్ రేడియో:

తాతయ్యగారూ, మీరన్నట్టే 400కి ట్యూన్ చేసి 100 క్యారియర్‌తో నిన్న రాత్రి నలభై నిమిషాలు కూర్చున్నా. ప్లేట్లు నల్లగానే ఉన్నాయి. ప్లేట్ కరెంట్ ముల్లు కదల్లేదు. పోయినసారి పీక నొక్కినట్టుందన్న ఆయనే "మనిషివయ్యావు" అన్నాడు.

గట్టుగారూ, మేపుల్ చెట్టు మీదికి తాడు విసిరా, ఇప్పుడు 52 అడుగులు. మా ఆవిడ కిటికీలోంచి చూసి ఏమీ అనకుండా కర్టెన్ వేసేసింది. 3-500జెడ్ ఆలోచన మానలేదు, కానీ మే దాకా తొందర లేదు.

ఒక్కటే మిగిలింది. నేను ఆగినప్పుడల్లా లీనియర్ ఫ్యాన్ హోరు గాలిలోకి వెళ్తోందట. ఎస్‌ఎస్‌బీలో ఎవరూ అనలేదే?

టెక్సాస్ తాతయ్య:

ఎస్‌ఎస్‌బీలో ఆ హోరు అవతలివాడి నాయిజ్‌లో కలిసిపోతుంది. ఏఎంలో నీ క్యారియర్ ఆ నాయిజ్‌ని అణిచేసి, నీ గది చప్పుడంతా శుభ్రంగా మోసుకెళ్తుంది. లీనియర్‌ని బల్ల మీంచి కిందికి దించు, మైకుని నోటికి రెండంగుళాల్లో పెట్టి మైక్ గెయిన్ (మైకు చప్పుడు పెంచే నాబ్) తగ్గించు. ఫ్యాన్ మాత్రం ఆపకు.